పద్నాలుగు రోజుల హోల్టర్‌కు ముందు చేసిన సన్నాహం: ఒక నేత కార్మికురాలి కేస్ స్టడీ

గుండె దడతో వచ్చినవారికి హోల్టర్ (ఒంటికి తగిలించి గుండె లయను ఆపకుండా నమోదు చేసే ఈసీజీ రికార్డరు) పెట్టడం ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోనే కాదు, చిన్న పట్టణాల్లో కూడా మామూలు పని అయిపోయింది. అయితే హోల్టర్ రిపోర్టులో ఏం వచ్చిందన్న దాని మీద జరిగినంత చర్చ, దాన్ని ఒంటికి తగిలించే ముందు ఏం చేశామన్న దాని మీద జరగదు. కర్నూలులో ఫిజిషియన్‌గా పనిచేస్తున్న నేను ఇక్కడ వివరించే కేసులో, రెండు వారాల రికార్డింగు అక్కరకు వచ్చిందంటే దానికి కారణం యంత్రం గొప్పదనం కన్నా మొదటి రోజు ఆమె ఒంటి తీరును, పనిని, ఇంటి వాతావరణాన్ని తెలుసుకుని చేసిన ఏర్పాట్లేనని నా అభిప్రాయం. రోగి అనుమతితో రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

రోగి, ఆమె బాధ

ఆమెకు 62 ఏళ్లు. ఎమ్మిగనూరు ప్రాంతంలో ఇంట్లోనే గుంట మగ్గం ఉన్న కుటుంబం. ఉదయం పూట రాట్నం మీద కండెలు చుడతారు. మధ్యాహ్నం భోజనాల తరువాత భర్త నడుం వాల్చితే ఆయన స్థానంలో తానే మగ్గంలో కూర్చుంటారు. పదేళ్లుగా రక్తపోటుకు, ఆరేళ్లుగా చక్కెర వ్యాధికి మందులు వాడుతున్నారు. ఐదు నెలలుగా అప్పుడప్పుడు గుండె దడ వస్తోందని, అది అరగంట నుంచి రెండు మూడు గంటల దాకా ఉంటోందని, పది పన్నెండు రోజులకొకసారి తప్పకుండా వస్తోందని చెప్పారు. రెండుసార్లు కళ్లు తిరిగాయి. వాటిలో ఒకసారి తెల్లవారుజామున నీళ్ల తొట్టి దగ్గర గోడ పట్టుకుని కూలబడ్డారు. పూర్తిగా స్పృహ తప్పలేదు, దెబ్బ తగల్లేదు.

ఆమె వాడుతున్న మందుల్లో టెల్మిసార్టాన్, మెట్‌ఫార్మిన్‌లతో పాటు, దడ మొదలయ్యాక మరో చోట రాసిన, గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ 25 మిల్లీగ్రాములు కూడా ఉంది. ఈ చివరి మందును గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కేసు ఆఖరున దాని పాత్ర ఏమిటో తేల్చాల్సి వచ్చింది.

పరీక్షలో నాడి నిమిషానికి 60, క్రమంగా ఉంది. రక్తపోటు 146/84. ఈసీజీలో సైనస్ లయ, అంటే గుండె సహజ లయ ఉంది, బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలోని విద్యుత్తు దారుల్లో అడ్డంకి) లాంటివేమీ లేవు. ఎకోలో ఎడమ జఠరిక (గుండె కింది గది) పంపింగు 60 శాతం, అంటే మామూలుగానే ఉంది, ఎడమ కర్ణిక (పై గది) మాత్రం 42 మిల్లీమీటర్లతో కొంచెం పెద్దదిగా కనిపించింది. హిమోగ్లోబిన్, పొటాషియం, థైరాయిడ్, క్రియాటినిన్ పరీక్షలు ముందే చేయించాం. రక్తహీనత వల్లనో, థైరాయిడ్ ఎక్కువ కావడం వల్లనో వచ్చే దడకు రెండు వారాల పాటు రికార్డరు తగిలించడం రోగికి శ్రమ, మనకు కాలయాపన. ఆమె విషయంలో అవేవీ కారణం కాదని తేలింది.

అంతకుముందే ఒక కేంద్రంలో 24 గంటల హోల్టర్ చేయించుకున్నారు. అందులో కర్ణికల నుంచి వచ్చే అదనపు స్పందనలు కొన్ని తప్ప ఏమీ లేవు. రిపోర్టు మీద ‘నార్మల్’ అని ఉంది. ఇంట్లోవాళ్లకు ‘ఆందోళన వల్ల వచ్చే దడ’ అని చెప్పి పంపారు. ఆ 24 గంటల్లో ఆమెకు దడ రాలేదు. పది పన్నెండు రోజులకొకసారి వచ్చే బాధను ఒక్క రోజు వెతికితే దొరికే అవకాశం ఎంతో ఎవరైనా లెక్కగట్టగలరు. బాధ రాని రోజున తీసిన నార్మల్ రిపోర్టు బాధకు కారణం లేదని చెప్పదు, ఆ రోజు బాధ రాలేదని మాత్రమే చెబుతుంది.

ఎన్ని రోజులు, ఏ రకం రికార్డరు

ఎన్ని రోజులు నమోదు చేయాలన్నది బాధ ఎంత తరచుగా వస్తోందన్న దాన్ని బట్టే తేల్చాలి. రోజూ వచ్చే దడకు 24 లేదా 48 గంటలు చాలు. వారానికో రెండు వారాలకో ఒకసారి వచ్చేదానికి 7 నుంచి 14 రోజులు కావాలి. నెలకొకసారి వచ్చేదైతే 30 రోజుల ఈవెంట్ రికార్డరు ఆలోచించాలి. అంతకన్నా అరుదుగా వస్తూ స్పృహ తప్పుతుంటే చర్మం కింద అమర్చే లూప్ రికార్డరు ఉంది. ఎక్కువ రోజులు వెతికితే ఎక్కువ దొరుకుతుందన్నది అనుభవం ఒక్కటే చెప్పే మాట కాదు. కారణం తెలియని పక్షవాతం వచ్చినవారి మీద కెనడాలో జరిగి 2014లో వెలువడిన ఎంబ్రేస్ అధ్యయనంలో, 30 రోజులు నమోదు చేసిన వారిలో 16.1 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (కర్ణికలు క్రమం తప్పి అతివేగంగా అదిరే లయదోషం) బయటపడగా, 24 గంటల హోల్టర్ మళ్లీ చేసిన వారిలో అది 3.2 శాతం మాత్రమే. మన రోగికి పక్షవాతం లేదు కాబట్టి ఆ అంకెలు ఆమెకు నేరుగా వర్తించవు. అయినా రక్తపోటు, చక్కెర వ్యాధి, పెద్దదైన ఎడమ కర్ణిక కలిసి ఉన్నప్పుడు మనం వెతకాల్సింది ముందుగా ఆ లయదోషాన్నే.

ఆసుపత్రిలో చేర్చి చూడకుండా ఇంటికి పంపడం సబబేనా అన్న ప్రశ్న కూడా వేసుకున్నాం. పని చేస్తుండగా స్పృహ తప్పి పడిపోవడం, ఛాతీనొప్పి, గుండె పంపింగు తగ్గి ఉండడం, రక్తసంబంధీకుల్లో చిన్న వయసు హఠాన్మరణాలు, ఈసీజీలో పెద్ద దోషం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆమెను ఇంటికి పంపేవాణ్ని కాదు. అవేవీ లేవు. రికార్డింగు పూర్తయ్యేదాకా తెల్లవారుజామున ఒంటరిగా బయటికి వెళ్లకూడదని, కళ్లు తిరిగినట్టనిపిస్తే నిలబడి ఉండకుండా వెంటనే కూర్చోవాలని లేదా పడుకోవాలని, నిజంగా స్పృహ తప్పితే రికార్డరు సంగతి పక్కన పెట్టి దగ్గరి ఆసుపత్రికి వెళ్లాలని చెప్పాం.

రికార్డరు ఎంపికలో కొంతసేపు ఆగాం. ఒంటికి అంటించి రెండు వారాలు అలాగే వదిలేసే ఒకే ముక్క ప్యాచ్ చూడ్డానికి సుఖంగా ఉంటుంది, వైర్లు ఉండవు. కానీ అది మే నెల. కర్నూలు జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు. రేకుల కప్పు కింద మగ్గంలో కూర్చునే మనిషికి ఆ ప్యాచ్ ఐదో రోజున ఊడిపోతే చాలా రకాల్లో దాన్ని మళ్లీ అంటించే వీలుండదు, రికార్డింగు అక్కడితో ముగుస్తుంది. ఊరికీ మా క్లినిక్‌కూ మధ్య దాదాపు డెబ్బై కిలోమీటర్ల దూరం. అందుకే ఎలక్ట్రోడ్లు (చర్మానికి అంటించే జిగురు బిళ్లలు) ఇంట్లోనే మార్చుకోగల, పొట్టి వైర్లతో రొమ్ము ఎముక దగ్గర వేలాడే చిన్న రికార్డరును ఎంచుకున్నాం. ఇది వేసవికీ, దూరానికీ, ఆ ఇంటికీ తగిన ఎంపిక. చలికాలంలో, పట్టణంలో ఉండే మరో రోగికైతే ప్యాచ్‌నే సూచించేవాణ్ని.

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఆమె కొడుకు, స్మార్ట్‌వాచ్ కొనిస్తే సరిపోదా అని ఫోనులో అడిగారు. అడగదగిన ప్రశ్నే. దడ వచ్చినప్పుడు వేలు పెడితే ఆ వాచీలు 30 సెకన్ల ఈసీజీ తీస్తాయి, గంటల తరబడి ఉండే ఫిబ్రిలేషన్ అలా దొరకవచ్చు కూడా. కానీ ఆమెకు కళ్లు తిరగడానికి కారణం కొన్ని సెకన్ల పాటు గుండె ఆగడమైతే, ఆ క్షణంలో వాచీ మీద వేలు పెట్టమని ఎవరికీ చెప్పలేం. ప్రతి స్పందననూ వదలకుండా రాసుకునే యంత్రమే ఇక్కడ కావాలి.

చర్మం, చెమట, పసుపు

1940ల చివర్లో అమెరికాలోని మోంటానాలో నార్మన్ హోల్టర్ తయారుచేసిన మొదటి రేడియో ఈసీజీ యంత్రం దాదాపు 38 కిలోల బరువుండేది, దాన్ని వీపుకు కట్టుకుని నడవాల్సి వచ్చేది. ఇవాళ అదే పని చేసే రికార్డరు అగ్గిపెట్టె అంత కూడా లేదు. అన్నీ చిన్నవైపోయాయి కానీ, ఎలక్ట్రోడు చర్మానికి అంటుకునే చోట ఉన్న చిక్కు మాత్రం చిన్నది కాలేదు.

చర్మం పైపొర విద్యుత్తుకు పెద్ద అడ్డంకి. మనం చూడదలచిన పి తరంగం (కర్ణికల స్పందనకు ఈసీజీలో పడే చిన్న అల) ఎత్తు సాధారణంగా 0.25 మిల్లీవోల్టులకు మించదు. ఎలక్ట్రోడు కింద చర్మం సాగినా, ముడుచుకున్నా పుట్టే వోల్టేజి అంతకు ఎన్నో రెట్లు ఉండవచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో పి తరంగం కనిపించదు కాబట్టి, అది ఉందో లేదో తేలకపోతే ఆ లయదోషమని ధైర్యంగా చెప్పలేం. అందువల్ల చర్మాన్ని సిద్ధం చేయడమంటే శుభ్రత కోసం చేసే పని మాత్రమే కాదు, రోగ నిర్ధారణకు అది తొలి మెట్టు.

అపాయింట్‌మెంటుకు ముందే కోడలికి ఫోను చేసి కొన్ని సంగతులు చెప్పాం. ముందురోజు తలంటు కానిచ్చి, మరునాడు ఒంటికి నూనె రాయకుండా సబ్బుతో మాత్రమే స్నానం చేయించి తీసుకురమ్మన్నాం. మన ఆడవాళ్లు స్నానానికి ముందు ముఖానికీ మెడకూ తాళికీ పసుపు రాసుకోవడం మామూలే. నూనెతో కలిపి రాసిన పసుపు రొమ్ము ఎముక మీదికి జారి సన్నటి పొరలా మిగులుతుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు. వేసవిలో చెమటకాయల పౌడరు కూడా ఇంతే. ఆమెకు రొమ్ముల మధ్య, కింద చెమటకాయలు లేచి ఉన్నాయని కోడలు ఫోనులోనే చెప్పడంతో, రికార్డింగును వారం వాయిదా వేసి ముందు వాటిని తగ్గించాం. పొక్కులున్న చర్మం మీద రెండు వారాలు జిగురు అంటిస్తే నాలుగో రోజుకే దురద పుట్టి, రోగి తనంతట తానే పీకేస్తారు, అందులో ఆమె తప్పేమీ ఉండదు.

మందులు మానకూడదని, ఎప్పటిలాగే తిని రమ్మని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. పరీక్ష అనగానే పరగడుపున రావడం మనవాళ్లకు అలవాటు. చక్కెర వ్యాధి ఉన్న మనిషి మే నెలలో డెబ్బై కిలోమీటర్లు బస్సులో ఖాళీ కడుపుతో వస్తే, రికార్డరు పెట్టకముందే కళ్లు తిరుగుతాయి. మెటోప్రొలాల్‌ను కూడా ఆపలేదు. కొందరు వైద్యులు లయను అణిచే మందుల్ని ఆపి నమోదు చేస్తారు, ప్రశ్నను బట్టి అది కూడా సరైనదే. ఇక్కడ మా ప్రశ్న వేరు: ఈ మందులు వాడుతూ, ఈ పని చేసుకుంటూ, ఈ ఇంట్లో ఉన్నప్పుడు ఆమెకు ఏం జరుగుతోంది?

తెర వేసిన గదిలో సిస్టరే ఎలక్ట్రోడ్లు అంటించారు. ఆల్కహాల్ దూదితో తుడిచి, పూర్తిగా ఆరేదాకా ఆగి, సన్నటి గరుకు పట్టీతో రెండు మూడు సార్లు మెల్లగా రుద్ది, మళ్లీ పొడి గాజుగుడ్డతో తుడిచారు. ఆల్కహాల్ ఆరకముందే అంటిస్తే జిగురు పట్టదు, పైగా చర్మం మండుతుంది. మగవారికైతే ఛాతీ మీది వెంట్రుకలను బ్లేడుతో గీయకుండా క్లిప్పరుతో కత్తిరించాలి, ఎందుకంటే బ్లేడు చేసే కంటికి కనపడని గాట్లే తరువాత దద్దురుగా మారతాయి. ఎలక్ట్రోడ్ల స్థానాలను కండ మీద కాక ఎముక మీద ఎంచుకున్నాం. ఒకటి రొమ్ము ఎముక పైభాగాన, ఒకటి దాని కింది కొసన, మరొకటి ఎడమ చంక ముందు గీత దగ్గర పక్కటెముక మీద. ప్రతి వైరునూ చిన్న మెలికలా తిప్పి టేపు వేశారు, లాగుడు పడితే అది మెలిక మీద పడాలి కానీ ఎలక్ట్రోడు మీద పడకూడదు.

తాళి విషయం సున్నితమైనది. బొట్టూ గొలుసూ సరిగ్గా పై ఎలక్ట్రోడు మీద కొట్టుకుంటున్నాయి. లోహం తగిలిన ప్రతిసారీ రికార్డింగులో ఒక గీత పడుతుంది. తీసేయమని అడగడం మాకు ఇష్టం లేదు, ఆమె తీసేవారూ కాదు. సిస్టర్ గొలుసును రవిక కుడివైపుకు తెచ్చి, మెత్తటి గుడ్డ ముక్కలో చుట్టి పిన్నుతో రవిక లోపల నిలిపారు. ముందు హుక్కులున్న వదులు రవికలు వేసుకోమన్నాం. మరో అలవాటు కూడా కోడలే గుర్తుచేసింది: అత్త ఫోనును రవికలోనే పెట్టుకుంటుందట. ఫోను రికార్డరుకు జానెడు దూరంలోనైనా ఉండాలని, నడుముకు కట్టే సంచిలో పెట్టుకోమని చెప్పాం. ఫ్యాను, మిక్సీ, టీవీ లాంటి వాటితో ఇబ్బంది లేదు. ఎమ్మారై గదిలోకి మాత్రం దీనితో వెళ్లకూడదు, ఏ స్కానింగు ఉన్నా ముందు మమ్మల్ని అడగమన్నాం.

“ఇది కరెంటు కొడుతుందా సామీ?” అని ఆమె అడిగారు. ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది కానీ నోరు తెరిచి అడగరు. రికార్డరు ఒంట్లోకి ఏమీ పంపదని, గుండెలో పుట్టేదాన్ని రాసుకోవడమే దాని పని అని చెప్పి, ఎలక్ట్రోడు ఊడినప్పుడు వెలిగే ఎర్ర దీపాన్ని చూపించాం. ఆ భయం అలాగే ఉండిపోతే రాత్రి పూట తీసి దిండు పక్కన పెట్టేవారు చాలామంది ఉన్నారు. ఆమెకు దడ ఎక్కువగా తెల్లవారుజామునే వచ్చేది.

మగ్గం ముందు జాగ్రత్త

చేతి కదలిక ఒకే వేగంతో పదే పదే జరిగితే రికార్డింగులో అది అచ్చం జఠరికల నుంచి పుట్టే వేగవంతమైన లయలా, అంటే వెంట్రిక్యులర్ టాకికార్డియాలా కనిపిస్తుంది. పళ్లు తోముకుంటున్నప్పుడు ఇలా రావడం ఈ రంగంలో ఉన్న అందరికీ తెలిసిందే. నాడెను నడిపే తాడును కుడిచేత్తో లాగడం, ఎడమచేత్తో పేకను దగ్గరికి కొట్టడం, కాళ్లతో కింది కర్రలు తొక్కడం గంటల తరబడి సాగే ఇంట్లో, ఈ రకం బూటకపు లయలు కుప్పలుగా వస్తాయని ముందే ఊహించవచ్చు. రాట్నం తిప్పే చెయ్యి కూడా అంతే.

పని మానమని చెప్పడం సులువు. చెబితే ఆమె మానేసేవారు కూడా. కానీ మామూలు జీవితాన్ని రెండు వారాలు ఆపి తీసిన రికార్డింగు మామూలు జీవితం గురించి ఏమీ చెప్పదు. దానికి బదులు, రికార్డరు పెట్టిన వెంటనే క్లినిక్‌లోనే స్టూలు మీద కూర్చోబెట్టి, బటన్ నొక్కించి, రెండు నిమిషాలు మగ్గం నేసినట్టు చేతులు ఆడించమన్నాం. తరువాత ఒక నిమిషం ఆగి, రాట్నం తిప్పినట్టు చేయించాం. ఆ రెండు ముక్కలనూ సమయంతో సహా కేసు కాగితం మీద రాసిపెట్టాం. ఆమెకు ఇది నవ్వు తెప్పించింది. లేని మగ్గాన్ని నేస్తున్న అత్తను చూసి కోడలూ నవ్వింది. ఈ చిన్న పనికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

డైరీ ఎవరు రాయాలి

ఆమెకు చదువు రాదు. హోల్టర్‌తో పాటు ఇచ్చే అచ్చు కాగితంలో సమయం, పని, బాధ అని మూడు గళ్లుంటాయి. చదువుకున్నవారు కూడా దాన్ని మూడో రోజు నుంచి జ్ఞాపకం మీద నింపుతారు. ‘పొద్దున దడ’, ‘రాత్రి కొంచెం నీరసం’ అని రాసిన కాగితంతో ఎవరూ ఏమీ తేల్చలేరు. ఈ పరీక్ష విలువంతా ఒక బాధకూ, ఆ బాధ వచ్చిన నిమిషంలోని లయకూ ముడి పడడంలోనే ఉంది.

కోడలు ఇంటర్ దాకా చదువుకుంది. ఆమె ఫోను నుంచి మా క్లినిక్ నంబరుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పంపే ఏర్పాటు చేశాం. మెసేజ్ మీద సమయం దానంతటదే పడుతుంది కాబట్టి గడియారం చూడాల్సిన పని లేదు. అంతకుముందే రికార్డరు గడియారాన్ని ఆ ఫోను గడియారంతో పక్కపక్కన పెట్టి సరిచూశాం. రెండింటికీ మధ్య ఐదు నిమిషాల తేడా ఉన్నా మొత్తం శ్రమ తారుమారవుతుంది. ఈ మెసేజ్‌లు వెంటనే ఎవరో విని స్పందిస్తారనుకోవద్దని, ప్రమాదం అనిపిస్తే మెసేజ్ కాకుండా ఆసుపత్రే దారి అని కూడా స్పష్టంగా చెప్పాం.

మెసేజ్‌లో ఏం చెప్పాలో కూడా నేర్పాం. ఆ సమయానికి ఏం చేస్తున్నారు, ముందు ఏం అనిపించింది, తరువాత ఏం అనిపించింది. దడ వచ్చినప్పుడు ఒకసారి, అది పోయినప్పుడు మరోసారి బటన్ నొక్కాలన్నాం. సాధారణంగా మొదలైనప్పుడు నొక్కమనే చెబుతారు. ముగింపు కూడా కావాలని నేను పట్టుబట్టడానికి కారణం, మొదటి రోజు ఆమె మాటల్లో దొర్లిన ఒక వాక్యం: “దడ ఉన్నెంతసేపు బాగానే ఉంటా సార్, అది నిల్చినాకనే కండ్లు తిరిగేది.” దడ వల్ల రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగితే దడ ఉన్నప్పుడే తిరగాలి. ఆగిన తరువాత తిరగడమంటే కారణం మరోచోట ఉంది.

రెండు వారాలు

ఎలక్ట్రోడ్లు రెండు రోజులకొకసారి మార్చాలని నిర్ణయించాం. మార్చే రోజు ఉదయం రికార్డరు విప్పి, స్నానం కానిచ్చి, ఒళ్లు పూర్తిగా ఆరాక కొత్తవి అంటించాలి. ప్రతిసారీ పాత గుర్తుకు వేలెడు పక్కకు జరపాలి, అప్పుడు చర్మానికి విశ్రాంతి దొరుకుతుంది. మిగతా రోజుల్లో తడిగుడ్డతో తుడుచుకోవడమే. ఎక్కడ అంటించాలో గుర్తుకు ఫొటో తీసుకుంటానని కోడలు అడిగితే అత్త ఒప్పుకోలేదు, అది సమంజసమే. సిస్టర్ కాగితం మీద బొమ్మ గీసి, వైర్ల రంగులు స్కెచ్ పెన్నుతో వేసి ఇచ్చి, కోడలి చేత ఒకసారి విప్పించి మళ్లీ పెట్టించారు. చేసి చూపించడం కంటే చేయించి చూడడం ఎక్కువ ఫలితమిస్తుంది.

మూడో రోజు మధ్యాహ్నం ఎర్ర దీపం వెలిగింది. చెమటకు కింది ఎలక్ట్రోడు అంచు లేచి, లోపలి జెల్ ఎండిపోయింది. కోడలు పది నిమిషాల్లో మార్చేసింది. ఏడో రోజున పక్కటెముక మీద దురద మొదలైతే, ముందే ఇచ్చిన మరో రకం జిగురున్న ఎలక్ట్రోడుకు మారారు. దురదకు క్రీము రాస్తే కొత్తది అంటుకోదని ముందే చెప్పి ఉండడం మేలు చేసింది. విప్పిన సమయం, ఊడిన సమయం పోగా మొత్తం పన్నెండున్నర రోజుల స్పష్టమైన రికార్డింగు చేతికి వచ్చింది. వేసవికి అది మంచి ఫలితమే.

రికార్డింగులో కనిపించినది

సాఫ్ట్‌వేర్ మొదట చూపించిన జాబితాలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కంటే పైన, ఎర్ర అక్షరాల్లో, వెంట్రిక్యులర్ టాకికార్డియా అని పదికి పైగా ముక్కలున్నాయి. దాదాపు అన్నీ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు గంటల మధ్యవే. మొదటి రోజు క్లినిక్‌లో తీసిన మగ్గం ముక్కను పక్కన పెట్టి చూస్తే ఆకారం, వేగం సరిగ్గా సరిపోయాయి. జాగ్రత్తగా చూస్తే ఆ పెద్ద అలల లోపలే అసలైన క్యూఆర్ఎస్ గీతలు (జఠరికల స్పందనకు పడే గుర్తులు) నిమిషానికి 70 చొప్పున క్రమం తప్పకుండా నడుస్తూ కనిపించాయి, రెండో చానల్‌లో అవి ఇంకా స్పష్టంగా ఉన్నాయి. వాటిని కొట్టేశాం. ఆ పోలిక లేకపోతే ఈ మహిళ జఠరికల లయదోషం ముద్రతో యాంజియోగ్రామ్ దాకా వెళ్లేవారని అనడం అతిశయోక్తి కాదు.

అసలైనవి రెండే ఘటనలు. ఆరో రాత్రి 2 గంటల 50 నిమిషాలకు లయ హఠాత్తుగా క్రమం తప్పింది. పి తరంగాలు మాయమై, వేగం నిమిషానికి 120 నుంచి 150 మధ్య ఊగుతూ 5 గంటల 12 నిమిషాల దాకా సాగింది. 30 సెకన్లు దాటితేనే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌గా లెక్కించే చోట ఇది 142 నిమిషాలు. అది ఆగిన చోట మాత్రం నేను ఎక్కువసేపు ఆగిపోయాను. చివరి వేగవంతమైన స్పందన తరువాత 4.1 సెకన్ల పాటు గీత చదునుగా ఉండి, ఆ తరువాతే సైనస్ లయ నెమ్మదిగా మొదలైంది. బటన్ గుర్తు 5 గంటల 13 నిమిషాలకు ఉంది. 5 గంటల 15 నిమిషాలకు వచ్చిన వాయిస్ మెసేజ్‌లో ఆమె గొంతే వినిపిస్తుంది: “ఇప్పుడే దడ నిల్చింది. మంచంలోనే ఉండా. కండ్లకు చీకట్లు కమ్మి పోయినాయి.”

రెండోది పదకొండో రోజు పట్టపగలు, 40 నిమిషాలు. చివర విరామం 2.8 సెకన్లు, కళ్లు తిరగలేదు, కొంచెం తూలినట్టు అనిపించిందన్నారు. మొత్తం నమోదైన సమయంలో ఫిబ్రిలేషన్ వాటా ఒక శాతం మాత్రమే. ఆ ఒక్క శాతం 24 గంటల హోల్టర్ కంటపడకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కర్ణికలు గంటల తరబడి అతివేగంగా స్పందిస్తున్నప్పుడు సైనస్ నోడ్ (గుండెకు సహజ లయనిచ్చే కేంద్రం) అణిగిపోయి ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న నోడ్ వెంటనే తేరుకుంటుంది. బలహీనపడిన నోడ్ తేరుకోవడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, ఆ లోపు మెదడుకు రక్తం అందదు. వేగం, మందగమనం రెండూ కలిసి ఉండే ఈ స్థితినే టాకీ-బ్రాడీ సిండ్రోమ్ అంటాం. దీనితో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, దడకు ఇచ్చే మందు విరామాన్ని పొడిగించవచ్చు.

ఆ తరువాత

రెండు నిర్ణయాలు అదే రోజు జరిగాయి. రక్తపోటు, చక్కెర వ్యాధి రెండూ ఉన్నందున పక్షవాతం ముప్పు తగ్గించే రక్తం పలచబరిచే మందు అవసరమని తేల్చి, మూత్రపిండాల పనితీరు బాగుండడంతో అపిక్సబాన్ 5 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు మొదలుపెట్టాం. మెటోప్రొలాల్ ఆపేశాం. విరామానికి ఆ మందే కారణమైతే పేస్‌మేకర్ దాకా వెళ్లడం అన్యాయం.

మందు ఆపిన కొద్ది రోజుల తరువాత మళ్లీ ఒక వారం నమోదు చేశాం. ఈసారి సన్నాహానికి పెద్దగా సమయం పట్టలేదు, కోడలికి అన్నీ వచ్చు. ఐదో రోజు ఫిబ్రిలేషన్ మళ్లీ వచ్చింది, వేగం ముందుకన్నా ఎక్కువగా ఉంది, ఆగిన చోట విరామం 3.4 సెకన్లు, దానితో పాటు కళ్లు తిరగడం, బటన్ గుర్తు, మెసేజ్ అన్నీ ఒకే నిమిషంలో ఉన్నాయి. మందు ఒక్కటే కారణం కాదని తేలింది.

గుండె లయ నిపుణుడి వద్దకు హైదరాబాద్ పంపాం. అక్కడ రెండు దారులు ఆమె ముందు పెట్టారు. ఫిబ్రిలేషన్ పుట్టే చోటును అబ్లేషన్‌తో (అక్కడి కణజాలాన్ని పనిచేయకుండా చేసే చికిత్సతో) అదుపు చేస్తే దాని వెంట వచ్చే విరామాలు కూడా తగ్గి పేస్‌మేకర్ అవసరం తప్పవచ్చు. లేదా పేస్‌మేకర్ పెట్టి, విరామాల భయం లేకుండా దడకు మందులు వాడవచ్చు. కుటుంబం రెండోదాన్ని ఎంచుకుంది. ఎడమ భుజం కింద రెండు తీగల పేస్‌మేకర్ పెట్టారు. ఎడమచేతిని భుజం ఎత్తుకు మించి లేపకూడదన్న కొన్ని వారాల పాటు మగ్గం భర్తకే వదిలేసి, ఆమె కుడిచేత్తో రాట్నం తిప్పుకున్నారు. మెటోప్రొలాల్ మళ్లీ మొదలైంది, అపిక్సబాన్ కొనసాగుతోంది. కర్ణికలో ఉన్న తీగ ఫిబ్రిలేషన్ ఎప్పుడు వచ్చిందో, ఎంతసేపు ఉందో తానే రాసుకుంటుంది కాబట్టి, ఆమె వరకు ఇకపై ఒంటికి ఎలక్ట్రోడ్లు అంటించే పని లేదు. పేస్‌మేకర్ తనిఖీకి వచ్చినప్పుడు ఆ లెక్క చూస్తున్నాం.